చెంచు గూడెంలో సీతాకోకచిలుకలు పెంచనివ్వండి: అటవీశాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి,



జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్ 19న రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని పులుల అభయారణ్యాల నడిమి భాగాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు మిగిలి ఉన్నాయని లెక్క చెప్పి, వాటిని తరలించే పనికి ప్రణాళిక పంపమని అందులో అడిగింది. వెళ్లడానికి ఒప్పుకున్న కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 2021 నుంచి 15 లక్షల రూపాయలు. మన రాష్ట్రంలో ఆ లేఖ గురించి మాట్లాడటమంటే నల్లమల చెంచు గూడేల గురించి మాట్లాడటమే. తరలింపు ఇష్టపూర్వకంగానే జరగాలని చట్టంలో ఉంది కదా అని మీరంటారు. ఉంది. అయితే అడవిలో ఉంటే పని లేదు, అడవి సరుకుకు ధర లేదు, బయటికొస్తే 15 లక్షలు అన్న మూడు మాటల్నీ కలిపి ముందు పెట్టి ‘నీ ఇష్టం’ అంటే, అది ఎంతవరకు ఇష్టమవుతుంది? గూడెం ఖాళీ అయితే ఇచ్చే సొమ్ముకు లెక్క కట్టిన ప్రభుత్వం, గూడెం అక్కడే ఉండి అడవిని కాపాడితే ఆ కుటుంబానికి ఏం దక్కాలో ఎప్పుడైనా లెక్క కట్టిందా?

మనిషిని దూరం పెడితేనే అడవి బతుకుతుందన్న నమ్మకాన్ని మీ శాఖ వదులుకోవాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. వదులుకున్నాక ఏం చేయాలో కూడా చెబుతాను. అడవి అంచు కుటుంబాలు స్థానిక జాతుల సీతాకోకచిలుకలను పెంచి, వాటి ప్యూపాలను, అంటే రెక్కలు రాకముందు దశలో ఉన్నవాటిని, అమ్ముకునే పనికి మీరు దారి తెరవాలి. వినడానికి ఇది చిన్న విషయం. పులులు, ఎర్రచందనం, కార్చిచ్చుల మధ్య సీతాకోకచిలుక ఎక్కడ ఆనుతుందని అనిపించవచ్చు. కానీ అడవి నిలబడితేనే తన ఇంటికి డబ్బు వస్తుందన్న లెక్క మనిషికి అంత స్పష్టంగా కనిపించే పని మరొకటి వెతికినా దొరకడం కష్టం. ఇది ఊహించి చెప్పే మాట కాదు, జరిగి చూపించిన సంగతి.

కెన్యా తీరంలో అరబుకో-సొకొకె అనే అడవి ఉంది. సుమారు 420 చదరపు కిలోమీటర్లు. చుట్టూ చిన్నకారు రైతులు. ఏనుగులు వచ్చి చేలు తొక్కేవి. ఆ అడవిలోకి అడుగు పెడితే గార్డు పట్టుకునేవాడు. 1990ల మొదట్లో అడిగితే, అడవిని కొట్టేసి ఆ భూమి మాకివ్వండి అన్నవాళ్లే ఎక్కువ. అలాంటి చోట 1993లో ‘కిపెపెయో’ అనే పథకం మొదలైంది. స్వాహిలి భాషలో ఆ మాటకు సీతాకోకచిలుక అనే అర్థం. రైతులు అడవిలోంచి కొన్ని తల్లి సీతాకోకచిలుకలను తెచ్చి వల గూళ్లలో ఉంచారు. అవి పెట్టిన గుడ్లను ఇంటి దగ్గర పెంచిన మొక్కల మీద గొంగళి పురుగులుగా, తర్వాత ప్యూపాలుగా మార్చారు. ఆ ప్యూపాలు విమానమెక్కి యూరప్, అమెరికాల్లోని సీతాకోకచిలుకల ప్రదర్శనశాలలకు వెళ్లాయి. తర్వాత తేనె కూడా చేరింది. నాలుగైదేళ్లకే ఆ ఊళ్లలో అడవి ఉండాలనేవాళ్లు పెరిగారు, కొట్టేయాలనేవాళ్లు తగ్గారు. ఆ మార్పు తెచ్చింది పోస్టర్లో, అవగాహన సదస్సులో కావు. అడవిలో ఫలానా చెట్టు పోతే ఫలానా జాతి పోతుంది, ఆ జాతి పోతే తన ఆదాయం పోతుంది అన్న సంగతి రైతుకు నేరుగా తెలిసింది. దీనికి ఇంకొక ముఖ్యమైన కారణముంది. గూట్లో తరాల తరబడి ఒకే కుదురును పెంచితే సంతానం బలహీనపడుతుంది. అప్పుడప్పుడు అడవి నుంచి కొత్త తల్లులు రావాల్సిందే. ఎంత పెంచినా అడవి అవసరం తీరిపోదు. కోళ్లఫారానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కోళ్లఫారం పక్కన అడవి ఉన్నా లేకపోయినా ఒకటే.

కెన్యా మాట మనకెందుకు అంటారేమో. సరే, మన గోదావరి అడవులకు వద్దాం. చెన్నూరు, మహదేవపూర్, కాళేశ్వరం ప్రాంతాల్లో దసలి పట్టు ఎన్నో తరాలుగా సాగుతున్న పని. దసలి పురుగు మల్బరీ పురుగులా తట్టల్లో, షెడ్లలో పెరగదు. అడవిలో నిలబడి ఉన్న మద్ది చెట్టు మీదే పెరుగుతుంది. రైతు పురుగుల్ని కొమ్మలకెక్కిస్తాడు. ఆకు అయిపోతే ఆ కొమ్మను పురుగులతో సహా కోసి పక్క చెట్టుకు మారుస్తాడు. పిట్టలు, కందిరీగలు, చీమలు తినకుండా పగలంతా చెట్ల కింద కాపలా కాస్తాడు. ఆ నేలకే చెందిన జాతికి పట్టు శాస్త్రవేత్తలు ‘ఆంధ్రా లోకల్’ అని పేరు కూడా పెట్టారు. చేతులారా సాకిన పురుగులున్న మద్ది చెట్టును ఆ రైతు గొడ్డలితో నరుకుతాడా? పక్కవాడు నరుకుతుంటే ఊరుకుంటాడా? మీ శాఖకు గార్డు అక్కర్లేని కాపలా అంటే ఇదే. రాష్ట్రం విడిపోయినంత మాత్రాన ఆ అనుభవం మనది కాకుండా పోదు. ఉమ్మడి రాష్ట్రంలో దాన్ని దగ్గర నుంచి చూసిన అధికారులు మీ శాఖలోనే పనిచేశారు. చట్టం కూడా ఈ పనిని గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను చెబుతూ తేనె, మైనం, లక్కతో పాటు దసలినీ, పట్టుకాయలనూ పేరుపెట్టి రాసింది. ఇవన్నీ పురుగుల వల్ల వచ్చే సరుకులే. వీటిని సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో బతికేవారిదేనని పార్లమెంటు ఒప్పుకుంది. మద్ది చెట్టు మీద దసలికాయ పెంచితే జీవనోపాధి అయినప్పుడు, మారేడు మొక్క మీద సీతాకోకచిలుక ప్యూపా పెంచితే అనుమానించాల్సిన పని ఎలా అవుతుంది?

ఈ పనికి ఏ జాతులు పనికొస్తాయో చూడండి. నిమ్మ సీతాకోకచిలుకనే తీసుకోండి. నిమ్మ, కరివేపాకు, మారేడు, వెలగ జాతి మొక్కల లేత ఆకుల మీద గుడ్డు పెడుతుంది. పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా నల్లగా, తెల్లమచ్చతో ఉంటుంది. శత్రువు కంటికి ఆనకుండా ఉండటానికే ఆ వేషం. పెద్దదయ్యేసరికి ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి చీలిన నాలుకలాంటి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. తర్వాత పుల్లకు ఆనుకుని, నడుముకు ఒక్క పట్టుదారం చుట్టుకుని ప్యూపాగా మారుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా మంచి వాతావరణంలో నెల లోపే. ఆ ప్యూపా దశలో ఉండే వారం పది రోజులే దాన్ని దూదిలో సర్ది పెట్టెలో పంపగలిగే సమయం. ఆలస్యమైతే పెట్టెలోనే రెక్కలు విప్పి నలిగిపోతుంది. ఇలాగే జిల్లేడు మీద పెరిగేవి ఉన్నాయి, రేల చెట్టు మీద పెరిగేవి ఉన్నాయి, నరమామిడి మీద పెరిగేవి ఉన్నాయి. ఇవేవీ అంతరించిపోతున్న జాతులు కావు. నిమ్మ సీతాకోకచిలుకనైతే వ్యవసాయ పుస్తకాలు నిమ్మ నారుమళ్ల పురుగుగానే లెక్కగట్టి, మందు కొట్టమంటాయి. మందు కొట్టి చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ప్రాణిని బతికించి పెంచుకోవడానికి మాత్రం ఎన్ని గడపలు ఎక్కాలో చెప్పగలరా?

చట్టం ఒప్పుకోదన్నది మీ మొదటి అభ్యంతరం అవుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చాలా సీతాకోకచిలుకలున్నాయి. వాటిని పట్టడం వేట కిందికే వస్తుంది. అభయారణ్యంలోని ఏ ప్రాణినైనా అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదని 29వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండింటినీ సడలించమని నేను అడగడం లేదు. షెడ్యూలులో ఉన్న జాతుల జోలికి పోవద్దు. పులుల అభయారణ్యం నడిమి భాగంలోంచి ఒక్క గుడ్డు కూడా తేవద్దు. అభయారణ్యం బయట రిజర్వు అడవి ఉంది, వన సంరక్షణ సమితుల చేతిలోని అడవి ఉంది, గూడెం పక్క పట్టా భూములు ఉన్నాయి. షెడ్యూలులో లేని జాతులతో ఈ మూడు చోట్ల పని మొదలుపెట్టడానికి ఏ సెక్షన్ అడ్డు వస్తుందో మీ న్యాయ సలహాదారులతో రాయించి బయట పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం స్థానిక ప్రజలకు తమ ప్రాంతపు జీవవనరులను వాడుకునే విషయంలో ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది; గ్రామాల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు పెట్టమంది. ఆ కమిటీలకు అప్పగించడానికి ఇంతకంటే తగిన పని ఏముంది? చట్టం తలుపు మూసిన చోట ఆగాల్సిందే. తెరిచి ఉన్న చోట కూడా మూసి ఉన్నట్టు మాట్లాడటం మీ బాధ్యతకు తగదు.

రెండో అభ్యంతరం దొంగ రవాణా. పెంపకం పేరు చెప్పి అడవిలోని అరుదైన జాతులను పట్టి అమ్ముకుంటారన్న భయం. నిజంగానే అలాంటి వ్యాపారం ఉంది. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా జాతీయ పార్కు ప్రాంతంలో కీటకాలు పట్టుకుంటూ ఇద్దరు చెక్ దేశస్థులు అరెస్టయ్యారు. అయితే ఇలాంటి దొంగ వ్యాపారంలో చేతులు మారేవి ఎక్కువగా చచ్చిన, ఎండబెట్టిన నమూనాలు. సేకరణదారుడికి కావాల్సింది అదే. ప్రదర్శనశాలకు కావాల్సింది బతికున్న ప్యూపా. ఏ జాతిది, ఏ గూడెంలో, ఏ వారం తయారైందో రిజిస్టరులో రాసుకోకుండా దాన్ని అమ్మడం కుదరదు. పది రోజుల్లో రెక్కలొచ్చే సరుకును గోదాములో దాచడమూ కుదరదు. ఒక్క జాతికి అనుమతి ఇస్తే పెట్టెలోంచి వేరే జాతి బయటికి వచ్చినప్పుడు అబద్ధం అక్కడికక్కడే తేలిపోతుంది. అసలు దొంగతనానికి ఎక్కువ తావు ఎక్కడ? అడవితో చట్టబద్ధంగా బతకడానికి ఒక్క దారీ లేని చోట. స్మగ్లరు ఇచ్చే కూలి తప్ప వేరే కూలి లేని చోట తుపాకీలతో కాపలా కాయడం ఎంత కష్టమో శేషాచలంలో ఎర్రచందనం విషయంలో మీ సిబ్బందికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మీరే నల్లమల బేస్ క్యాంపుల్లో చెంచు యువకుల్ని కాపలాకు పెట్టుకున్నారు. పులి అడుగు గుర్తు పట్టడంలో వాళ్ల మాట మీద ఆధారపడ్డారు. పులి విషయంలో నమ్మిన మనిషిని పురుగు విషయంలో నమ్మలేరా?

నల్లమల వానలు దండిగా కురిసే పచ్చటి అడవి కాదు, ఆకురాల్చే పొడి అడవి, ఏడాదంతా పెంపకం సాగదు అని ఇంకొకరంటారు. ఏప్రిల్, మే నెలల్లో సాగదు, నిజం. వానలు పడ్డాక మొదలై చలికాలం దాకా నడుస్తుంది. దసలి పంటలూ అంతే, వానలతో మొదలై చలికాలంతో ముగుస్తాయి. అరబుకో-సొకొకె కూడా దట్టమైన వర్షారణ్యం కాదు. ఎండా వానా చూసే తీరపు పొడి అడవే. ఈ పెంపకం కుటుంబాన్ని మొత్తం పోషించే ఆదాయమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తేనె, తపసి బంక, తునికాకు, ఉపాధి హామీ పని, వీటి పక్కన ఇంకొక ఆదాయం. అయితే ఆడవాళ్లు గూడెం దాటకుండా చేసుకోగల ఆదాయం, పెట్టుబడి వల గుడ్డా మొక్కలే అయిన ఆదాయం. మిగతా అభ్యంతరాలన్నిటికంటే గట్టిది మార్కెట్ గురించినది. టాంజానియాలో తూర్పు ఉసంబరా కొండల దగ్గర అమని అనే చోట ఇలాంటి పథకమే బాగా నడిచింది. 2016లో ఆ దేశ ప్రభుత్వం బతికున్న వన్యప్రాణుల ఎగుమతి మొత్తాన్ని నిషేధించడంతో సీతాకోకచిలుకల రైతులు కూడా ఆ దెబ్బకు గురయ్యారు. విదేశీ కొనుగోలుదారుడి మీదా, ఒక్క ఉత్తర్వు మీదా ఆధారపడిన బతుకు ఎంత బలహీనమో అక్కడ కనిపించింది. అందుకే మనం ఎగుమతి గురించి ఆలోచించనే కూడదు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో, 2006లో తెరిచిన బెంగళూరు బన్నేరుఘట్టలో, కావేరి ఒడ్డున శ్రీరంగంలో సీతాకోకచిలుకల పార్కులున్నాయి. మన రాష్ట్రంలో విశాఖ, తిరుపతి జూలు మీ శాఖ ఏలుబడిలోనే ఉన్నాయి. మొదటి కొనుగోలుదారు మీరే కండి. జూలకు కావాల్సినవాటిని గూడెం నుంచి, ముందే ప్రకటించిన ధరకు కొంటామని ఒక్క ఒప్పందం రాయండి. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో పెట్టెలు తెరిచి సీతాకోకచిలుకల్ని ఎగరేసే వ్యాపారానికి మాత్రం ఒక్క ప్యూపా కూడా వెళ్లకూడదు. ఒక చోటి జాతిని, దాని జబ్బులతో సహా, ఇంకో చోట వదిలే పని అది. దాన్ని మొదటి రోజే నిషేధించండి.

ఇందులో మా పల్నాడు జిల్లా నాదెండ్లకు ఏం సంబంధమని అడగవచ్చు. మా మండలంలో అడవి లేదు. నల్లరేగడి, పత్తి, మిరప, గణపవరం స్పిన్నింగ్ మిల్లులు. మాకు వచ్చే సాగర్ కుడికాలువ నీళ్లు మాత్రం నల్లమల ఒడ్డు జలాశయానివే. ఆ గట్ల మీద అడవి చిక్కబడితే మట్టి నిలుస్తుంది, పలచబడితే ఆ మట్టి జలాశయంలో చేరుతుంది. అంతకంటే దగ్గరి సంబంధం ఇంకొకటి ఉంది. 1987-88లో శనగ పచ్చపురుగు పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగులు మిరపను ఎండబెట్టాయి. ఆ భయాల మధ్య మా చేలల్లో మందు కొట్టని వారం అరుదైంది. ఆ మందుకు శనగ పచ్చపురుగేదో, గట్టు మీద గంగపావిలి కూర తిని బతికే సీతాకోకచిలుక పిల్లేదో తెలియదు. వ్యవసాయశాఖ ఇప్పుడు ప్రకృతి సాగు అంటోంది, రైతు సాధికార సంస్థ ఊరూరా చెబుతోంది. పురుగంటే పగే తప్ప ఇంకేమీ నేర్పని వ్యవస్థలో ఆ మాట ఎంతమంది చెవికెక్కుతుంది? బొల్లాపల్లి అడవి అంచున ఒక కుటుంబం పురుగుల్ని పెంచి బతుకుతోందని పల్నాడు రైతుకు తెలిస్తే, ఆ కుటుంబం చుట్టుపక్కల పొలాల్లో మందు కొట్టవద్దని పోరాడితే, ఆ పోరాటం మా ఊరి పొలాలకూ మేలు చేస్తుంది.

2022 జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని తేలింది. అంతకు నాలుగేళ్ల ముందు 48. ఆ నాలుగేళ్లూ చెంచులు నల్లమలలోనే ఉన్నారు. దీంతో అంతా రుజువైపోయిందని నేననను. అయితే వాళ్లుంటే పులి బతకదన్న మాట మాత్రం ఈ లెక్క ముందు నిలబడదు. 1992లో వన సంరక్షణ సమితులు మొదలుపెట్టి, అడవిని ఊరితో కలిసి కాపాడతామని రాతపూర్వకంగా ఒప్పుకున్నదీ మీ శాఖే. మారేడుమిల్లిలో పర్యాటకుల వసతిని ఊరి సమితి చేతికిచ్చి నడిపించినదీ మీరే. చేయగలరని తెలిసే అడుగుతున్నాను.

కాబట్టి అడిగేది ఇది. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో అభయారణ్యం బయట ఉన్న చెంచు గూడేల్లో ఒక్కదాన్ని, ఆ గూడెం గ్రామసభ ఒప్పుకుంటేనే, ఎంచుకోండి. శ్రీశైలం ఐటీడీఏను, సున్నిపెంట జీవవైవిధ్య కేంద్రాన్ని, రాష్ట్ర జీవవైవిధ్య మండలిని ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టండి. షెడ్యూలులో లేని మూడు నాలుగు జాతుల పేర్లు, వాటి మేత మొక్కలు, ధర, ఎన్ని తల్లులను అడవి నుంచి తేవచ్చు, ఎన్నింటిని తిరిగి అడవిలో వదలాలి అన్న లెక్క ఒక్క జీవోలో రాయండి. చుట్టుపక్కల అడవిలో ఆ జాతులు తగ్గుతున్నాయో లేదో ఏటా లెక్కించే పని గూడెం పిల్లలకే నేర్పి, కూలి ఇచ్చి చేయించండి. తగ్గుతున్నాయని తేలితే ఆపేయండి. విశాఖ, తిరుపతి జూలతో కొనుగోలు ఒప్పందం అదే రోజు చేయండి. ఇవేవీ చేయలేమంటే, ఎందుకు చేయలేమో సెక్షన్ల వారీగా చెప్పండి. వచ్చే తొలకరి లోపు మీ జవాబు పత్రికాముఖంగా రావాలని కోరుతున్నాను. మేత మొక్కలు నాటాలంటే తొలకరి లోపే నిర్ణయం జరగాలి. జూలై దాటితే ఇంకొక ఏడాది పోతుంది.

భవదీయుడు,
నాదెండ్ల మండల పౌరుడు,
పల్నాడు జిల్లా